ముందు బ్యాటరీ, వెనక వించ్, నడుమ ఆరు మీటర్ల రాగి

బండి బురదలో దిగబడినప్పుడు ముందుకే లాగాలని ఎక్కడా లేదు. ముందు ఎంత లోతుందో తెలియదు, వెనక గట్టి నేల ఉందని మాత్రం ఖాయం, ఎందుకంటే బండి వచ్చింది అటునుంచే. అడవుల్లో, గనుల్లో బండ్లు తిప్పే అనుభవజ్ఞులు వెనక వైపూ ఒక వించ్, అంటే తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ లాగే మోటారు, ఉండాలని పట్టుబట్టేది ఇందుకే. 2014 నుంచి గోవాలో వానాకాలంలో జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ లాంటి పోటీల్లో ముందొకటి, వెనకొకటి వించ్ బిగించుకున్న బండ్లు కనిపిస్తాయి. అమెరికాలో పికప్ ట్రక్కుల వారికి పడవను నీళ్లలోంచి పైకి తేవాలన్నా, చెడిపోయిన కారును ట్రైలర్ మీదికి ఎక్కించాలన్నా పని జరిగేది తోక వైపే. చిక్కల్లా ఒక్కటే. కరెంటు ఇచ్చే బ్యాటరీ బానెట్ కింద ఉంటుంది, దాన్ని తాగే మోటారు బండికి అవతలి కొసన ఉంటుంది.

వ్యక్తిగత బండ్లకు బిగించుకునే ఎలక్ట్రిక్ వించ్‌ను అమెరికాకు చెందిన వార్న్ సంస్థ 1959లో తెచ్చింది. అదే సంస్థ 1974లో తెచ్చిన 8274 మోడల్ ఎనిమిది వేల పౌండ్లు, అంటే సుమారు 3,600 కిలోలు లాగేది. ఆ తరం వించ్‌లు ఎక్కువగా ముందు బంపర్ మీదే కూర్చున్నాయి. బ్యాటరీ పక్కనే ఉండేది కాబట్టి పెట్టెలో వచ్చిన పొట్టి కేబుల్ సరిపోయేది, దాని మందం గురించి ఎవరూ తల బద్దలు కొట్టుకోలేదు. వించ్ వెనక్కి వెళ్లాక లెక్క మొత్తం మారింది.

ఆ లెక్కను ఒక నిజమైన బండి మీద వేసి చూడాలి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు కర్మాగారంలో తయారవుతున్న డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్ పొడవు సుమారు 5.3 మీటర్లు. బ్యాటరీ నుంచి కిందికి దిగి, ఛాసిస్ రైలు వెంట సాగి, వెనక బంపర్ దగ్గర మళ్లీ పైకి వచ్చే కేబుల్‌కు మలుపులతో కలిపి ఆరు మీటర్లు వేసుకోవాలి. కరెంటు వెళ్లడమే కాదు, తిరిగి రావాలి కూడా. కాబట్టి అసలు పొడవు పన్నెండు మీటర్లు. లెక్క తప్పేవారిలో ఎక్కువమంది ఆరు మీటర్ల దగ్గరే ఆగిపోతారు.

ఇక కరెంటు. బండి మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలిగే వించ్ కావాలన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న కొలత. ఈ తరహా పికప్‌కు 9,500 పౌండ్ల వించ్, అంటే సుమారు 4,300 కిలోలది సరిపోతుంది. ఖాళీ తాడును చుట్టేటప్పుడు దాని మోటారు వంద ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. నిండు బరువు మీద అది 400 ఆంపియర్లు దాటుతుంది. ఇంట్లో ఏసీకి పెట్టే 16 ఆంపియర్ల సాకెట్లు పాతిక పక్కపక్కన పెడితే వచ్చేంత కరెంటు, ఒక్క తీగలో.

రాగి ఎంత మంచి వాహకమైనా ఇంత కరెంటుకు కొంత వోల్టేజీని మింగక మానదు. 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ పన్నెండు మీటర్లకు దాదాపు 6 మిల్లీఓముల నిరోధం ఇస్తుంది. 400 ఆంపియర్ల దగ్గర 2.4 వోల్టులు దారిలోనే పోతాయి. 50 చదరపు మిల్లీమీటర్లకు ఆ నష్టం 1.65 వోల్టులు, 70కి 1.2 వోల్టులు, 95కి 0.9 వోల్టులు. చూడటానికి చిన్న అంకెలే. కానీ బ్యాటరీ కూడా అంత బరువు మీద 12.6 వోల్టుల దగ్గర నిలవదు, పదిన్నర దాకా జారుతుంది. అందులోంచి 2.4 పోతే మోటారు దాకా చేరేది ఎనిమిది వోల్టులే. పోయిన ఆ వోల్టులు మాయం కావు, వేడిగా మారతాయి. సన్న కేబుల్‌లో అది తొమ్మిది వందల వాట్లు దాటుతుంది. 70 చదరపు మిల్లీమీటర్ల దాంట్లో అందులో సగం.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. కేబుల్ సన్నగా ఉంటే వించ్ బలం తగ్గిపోతుందని చాలామంది అంటారు. నిజానికి డీసీ మోటారు లాగే బలం దానిలో పారే కరెంటును బట్టి ఉంటుంది. వోల్టేజీ తగ్గితే ముందుగా తగ్గేది వేగం. అదే బరువును అంతే కరెంటుతో, ఇంకా నెమ్మదిగా లాగుతుంది. నష్టం అక్కడే మొదలవుతుంది. ఒక నిమిషంలో తేలాల్సిన పని ఒకటిన్నర నిమిషం పడుతుంది, ఆ సేపంతా మోటారు, కేబుల్, బ్యాటరీ మూడూ కాగుతూనే ఉంటాయి. లైను చివర పొలం ఉన్న రైతుకు లో-వోల్టేజీ మోటారును ఏం చేస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ వోల్టేజీ తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుంది, ఇక్కడ ఎక్కువసేపు పనిచేసి కాలుతుంది. వోల్టేజీ మరీ కిందికి పడిపోతే మోటారుకు కరెంటు కలిపే స్విచ్, అంటే వించ్ సొలెనాయిడ్ కూడా పట్టు వదిలి, మళ్లీ పట్టుకుని, టకటకమంటుంది. అలా భారీ కరెంటు మీద తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే దాని కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు చేతిలో రిమోట్ బటన్ వదిలేసినా డ్రమ్ము ఆగదు.

కాబట్టి వి-క్రాస్ లాంటి బండికి 70 చదరపు మిల్లీమీటర్లు తగిన కొలత. అమెరికా కొలతల్లో దీన్నే 2/0 అంటారు. అంగడిలో కిట్ల పేరుతో దొరికే చాలా వెనక కేబుళ్లు అందులో సగం మందానివి. తేలికపాటి పడవను ర్యాంపు మీదికి లాగడానికి అవి చాలు. రెండున్నర టన్నుల బండిని బురదలోంచి తీయడానికి చాలవు.

ఇంకా లావు కేబుల్ కొనేముందు ఒక కప్పీ కొనడం మేలు. వించ్ తాడును చెట్టు దగ్గరి కప్పీ చుట్టూ తిప్పి తిరిగి బండికే కడితే తాడు మీద బరువు సగమవుతుంది, మోటారు తీసుకునే కరెంటు కూడా దాదాపు సగానికి వస్తుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కేబుల్‌లో వేడి మూడో వంతుకో ఇంకా కిందికో పడిపోతుంది. లాగే వేగం తగ్గుతుంది నిజమే, ఆ తొందర ఎవరికీ ఉండకూడదు.

ప్లస్ కేబుల్ గురించి ఇంత ఆలోచించినవారు కూడా మైనస్ దగ్గరికి వచ్చేసరికి తేలిగ్గా తీసుకుంటారు. ఛాసిస్ ఉందిగా, ఎర్త్ దానికే కొట్టేయొచ్చు అన్నది మెకానిక్ షెడ్లలో వినిపించే మాట. ఆ మాటలో సగం నిజం ఉంది. ఉక్కు రాగి కంటే ఎనిమిది తొమ్మిది రెట్లు తక్కువ వాహకమే. కానీ పికప్ ఛాసిస్ రైలులో ఉన్న ఉక్కు ఎంతో ఎక్కువ. రైలు అడ్డుకోత వెయ్యి చదరపు మిల్లీమీటర్లు దాటితే అది వందకు పైగా చదరపు మిల్లీమీటర్ల రాగితో సమానం. రైలు స్వయంగా మంచి తీగే. పాడయ్యేది దాని రెండు కొసల దగ్గర. వెనక బోల్టు కింద రంగు ఉంటుంది, తుప్పు ఉంటుంది. ముందు బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కు లావు తీగ వెళుతుంది గానీ ఛాసిస్‌కు వచ్చేది చాలా బండ్లలో ఒక సన్నపాటి జడ పట్టీ మాత్రమే. దాన్ని పెట్టింది లైట్లకు, హారన్‌కు. 400 ఆంపియర్లు దాని మీద పడితే అది ఎర్రగా కాగుతుంది, మిగిలిన కరెంటు దొరికిన దారి వెతుక్కుంటుంది. గేరు కేబుళ్లు, సైలెన్సర్ గొట్టం బిగింపులు, బేరింగులు, ఏదైనా దానికి దారే. వెనక వించ్‌కు ప్లస్ ఎంత మందమో మైనస్ కూడా అంతే మందం, బ్యాటరీ దాకా. ఈ విషయంలో రాజీ పడకపోవడమే మంచిది.

అయితే బ్యాటరీ దాకా అంటే కచ్చితంగా ఏ బోల్టు దాకా అన్నదానికి కొత్త బండ్లలో జవాబు మారింది. మైనస్ టెర్మినల్ మీద ఇప్పుడు చిన్న సెన్సర్ ఉంటుంది, బ్యాటరీలోంచి ఎంత కరెంటు పోతోందో, ఎంత వస్తోందో అది లెక్క కడుతుంది. వించ్ ఎర్త్‌ను నేరుగా టెర్మినల్‌కు బిగిస్తే ఆ కరెంటు సెన్సర్ కంట పడదు, కంప్యూటర్ బ్యాటరీ నిండుగా ఉందనుకుని ఛార్జింగ్ తగ్గించవచ్చు. అలాంటి బండ్లలో సెన్సర్‌కు అవతలి వైపు, బ్యాటరీ లావు ఎర్త్ తీగ బాడీకో ఇంజిన్‌కో చేరే చోట కలపాలి. ఫోర్డ్ లాంటి సంస్థలు అదనపు పరికరాల ఎర్త్‌ను బ్యాటరీ పోస్టుకు కలపవద్దని చెబుతున్నది ఇందుకే.

ఇక జాయింట్లు. కేబుల్ మందం లెక్కలకు పుస్తకాలు ఉన్నాయి, జాయింటు మంచిచెడులకు చెయ్యే సాక్షి. కేబుల్ కొసన బిగించే లగ్గులో ఒక్క మిల్లీఓము నిరోధం ఉన్నా అది 400 ఆంపియర్ల దగ్గర 0.4 వోల్టు మింగి, 160 వాట్ల వేడి పుట్టిస్తుంది. బొటనవేలంత చోట పెద్ద సోల్డరింగ్ ఐరన్‌ను మించిన వేడి అది. సుత్తితో కొట్టి, పట్టుకారుతో నొక్కి బిగించిన లగ్గులో తీగపోగుల మధ్య గాలి మిగులుతుంది. గాలిలోకి తేమ, తేమ వెంట చిలుము వస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరపట్నాల్లో ఒక్క వానాకాలం గడిచేసరికి లగ్గు మెడ దగ్గర ఆకుపచ్చ పొడి కనిపిస్తే కారణం అదే. సోల్డర్ పోస్తే సరిపోతుందనే వారున్నారు. సోల్డర్ 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పైగా పోగుల్లోకి పాకి మెత్తటి కేబుల్‌ను ఆ మేర పుల్లలా బిగదీస్తుంది. బండి అదురుకు కేబుల్ ఆ అంచు దగ్గరే తెగుతుంది. సరైన సైజు డైతో హైడ్రాలిక్ క్రింపింగ్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయడమే నిలబడే పద్ధతి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీలకు, బస్సులకు బ్యాటరీ కేబుళ్లు కట్టే దుకాణాల్లో ఆ పనిముట్టు దొరుకుతుంది. ఇంట్లో చేసుకోవాలన్న పట్టుదల ఈ ఒక్క పనికి వద్దు.

పని అయ్యాక పరీక్ష పెట్టాలి. ఒక సాదా మల్టీమీటర్, పొడవాటి పరీక్ష తీగ చాలు. వించ్ బరువు లాగుతుండగా బ్యాటరీ ప్లస్ పోస్టుకు ఒక మొన, వించ్ ప్లస్ బోల్టుకు ఇంకో మొన ఆనించాలి. 70 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో నిండు బరువు మీద 0.6 వోల్టు, సగం బరువు మీద దాదాపు అందులో సగం రావాలి. తర్వాత వించ్ మైనస్ బోల్టు నుంచి బ్యాటరీ మైనస్ పోస్టుకు అదే కొలత. రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే పని బాగున్నట్టు. ప్లస్ వైపు 0.6 ఉండి మైనస్ వైపు 1.5 చూపిస్తే ఎక్కడో ఒక లగ్గు కాగుతోంది. మొనను ఒక్కో జాయింటు మీదికి జరుపుకుంటూ వెళితే దొంగ దొరుకుతుంది. ఒక మనిషి మీటరు దగ్గర, ఒక మనిషి వించ్ దగ్గర ఉండాలి. తాడు బిగిసి ఉన్నప్పుడు దాని వరసలో మాత్రం ఎవరూ నిలబడకూడదు.

కేబుల్ కొనేటప్పుడు మోసపోయే అవకాశం ఒకటుంది. పైకి రాగిలా మెరిసే తీగల్లో లోపల అల్యూమినియం ఉండి పైన రాగి పూత ఉన్నవి ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. అల్యూమినియం వాహకత రాగిలో అరవై శాతం. అంటే 70 అని అమ్మిన కేబుల్ నిజానికి 40 చదరపు మిల్లీమీటర్ల రాగి చేసే పనే చేస్తుంది. ఒక పోగును బ్లేడుతో గీరి చూడాలి. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే అది పూత సరుకు. పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే తగరం పూసిన రాగి, ఉప్పుగాలికి అదే మంచిది. తూకం కూడా చెబుతుంది. 70 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి మీటరుకు ఆరు వందల గ్రాములు దాటుతుంది, పన్నెండు మీటర్లకు తొడుగు కాక ఏడున్నర కిలోలు. వెల్డింగ్ కేబుల్ సన్న పోగులతో మెత్తగా వంగుతుంది కాబట్టి మన దగ్గర ఎక్కువమంది దాన్నే వాడతారు, మంచి రబ్బరు తొడుగు ఉంటే అది తప్పూ కాదు. కాకపోతే బండి కింద ఆయిలు, డీజిలు, రాళ్ల దెబ్బలు ఉంటాయి కాబట్టి దాని మీద ఇంకో గొట్టం తొడగాల్సిందే.

బ్యాటరీ కేబుల్‌ను బండి పొడవునా నడపడం కొత్త సంగతేమీ కాదు. బీఎండబ్ల్యూ అనేక కార్లలో బరువు సమతూకం కోసం బ్యాటరీని డిక్కీలో పెట్టి, లావు కేబుల్‌ను ముందు ఇంజిన్ దాకా తెచ్చింది. దానితో పాటు ఆ సంస్థ పెట్టిన రక్షణ చూడాలి. ప్లస్ టెర్మినల్ దగ్గర చిన్న పేలుడు మందు ఉంటుంది. గుద్దుకుని ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్న క్షణంలోనే అది పేలి ఆ కేబుల్‌ను బ్యాటరీ నుంచి విడదీస్తుంది. నలిగిన బండిలో కరెంటున్న లావు తీగ ఎంత ప్రమాదమో ఇంజినీర్లకు తెలుసు కనుకే అంత ఏర్పాటు. జాయింట్ల విషయంలో మాత్రం ఆ స్థాయి సంస్థకూ ఇబ్బంది తప్పలేదు. 2013లో బ్యాటరీ ప్లస్ కేబుల్ కనెక్టర్ క్రమంగా చెడిపోవచ్చన్న కారణంతో 5 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిపించాల్సి వచ్చింది.

వెనక వించ్ కేబుల్‌కు అలాంటి రక్షణ ఏదీ దానంతట అది రాదు, బిగించేవారే పెట్టుకోవాలి. ఇక్కడ రెండు వాదాలున్నాయి. ఫ్యూజు వద్దనేవారు స్టార్టర్ మోటారును చూపిస్తారు, మన సెల్ఫ్ కేబుల్‌కు ఫ్యూజు లేదు కదా అంటారు. వాలులో బండి తాడుకు వేలాడుతున్నప్పుడు ఫ్యూజు పోతే ఏమిటి గతి అని అడుగుతారు. కానీ సెల్ఫ్ కేబుల్ పొడవు మీటరు అటూ ఇటూ, ఉండేది ఒక్క చోట. వెనక వించ్ కేబుల్ డీజిల్ ట్యాంకును దాటుకుంటూ ఆరు మీటర్లు వెళుతుంది. ఎక్కడైనా తొడుగు ఒరుసుకుని ఛాసిస్‌కు తగిలితే బ్యాటరీ వెయ్యి ఆంపియర్లకు పైగా కుమ్మరిస్తుంది, ఆపేవారు ఉండరు. ఇక రెండో భయం చాలావరకు నిరాధారం. ఎలక్ట్రిక్ వించ్‌లలో బ్రేకు యాంత్రికమైనది, కరెంటు పోగానే డ్రమ్మును పట్టేస్తుంది. ఫ్యూజు పోతే బండి ఉన్నచోటే నిలుస్తుంది, జారిపోదు.

ఫ్యూజు ఉండాలి. అయితే అది వించ్‌ను కాపాడే ఫ్యూజు కాదు, కేబుల్‌ను కాపాడే ఫ్యూజు. 70 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌కు బ్యాటరీ పక్కనే 400 నుంచి 500 ఆంపియర్ల ఏఎన్ఎల్ తరహా నిదాన ఫ్యూజు పెడితే, నిమిషంపాటు నిండు బరువును అది ఓర్చుకుంటుంది, అసలు షార్ట్ వస్తే క్షణాల్లో పోతుంది. ఒకటి రెండు అదనంగా డ్యాష్‌బోర్డులో ఉంచుకోవాలి.

దానికన్నా ముఖ్యం, బ్యాటరీ దగ్గర చేత్తో తిప్పే కటాఫ్ స్విచ్. వించ్ పని ఏడాదిలో ఏ కొద్ది గంటలో ఉంటుంది, మిగతా కాలమంతా ఆ కేబుల్ బండి కింద కరెంటుతో పడి ఉండాల్సిన అవసరం లేదు. రాయి తగిలినా, ఎలుక కొరికినా, వెనక నుంచి వేరే బండి గుద్దినా దానిలో కరెంటు లేకపోతే ఏమీ కాదు. లారీల్లో, బస్సుల్లో ఈ కటాఫ్ అలవాటైనదే. ఎర్ర తాళంచెవితో వచ్చే చవక స్విచ్‌లను మాత్రం నమ్మకూడదు. చాలావాటిపై నిరంతరం వంద ఆంపియర్లు, 500 అయితే అయిదే సెకన్లు అని ముద్ర ఉంటుంది. వించ్ లాగేది నిమిషాల లెక్క.

కేబుల్ నడిపే దారి గురించి చెప్పాల్సింది తక్కువే. సైలెన్సర్‌కు, డీజిల్ గొట్టానికి ఎదుటి రైలు వెంట పోవాలి. రేకు చిల్లులోంచి దూరే ప్రతి చోటా రబ్బరు బుష్ ఉండాలి. అర మీటరుకో క్లాంపు వేయాలి. ఇంజిన్ అదురు, ఛాసిస్ మెలిక ఉండే చోట కొంచెం వదులు ఉంచాలి. వెనక కొసన రెండు ధ్రువాలూ ఒకే దిమ్మెలో ఉండే ఆండర్సన్ తరహా ప్లగ్గు పెడితే వించ్‌ను తీసి ఇంట్లో పెట్టుకోవచ్చు, ఎదుటి బండి బ్యాటరీ పడిపోతే అక్కడినుంచే జంపర్ ఇవ్వవచ్చు. ప్లగ్గు 175 ఆంపియర్లదా, 350దా అన్నది చూసుకోవాలి. చిన్నది కప్పీతో పనిచేసేవారికి సరిపోతుంది. ప్లగ్గుకు బురద మూత తప్పదు.

ఇంతకూ ఆరు మీటర్ల కేబులే ఎందుకు, బ్యాటరీనే వెనక్కి తెస్తే పోలా అన్న ప్రశ్న ఉంది. అమెరికాలో కార్లు మోసే ట్రైలర్ల వారు చేసేది అదే. ట్రైలర్ ముందు పెట్టెలో సొంత బ్యాటరీ, దాని పక్కనే వించ్. లావు కేబుల్ మీటరు పొడవే. ముందు నుంచి వచ్చేది ఛార్జింగ్ తీగ మాత్రమే, పాతిక నలభై ఆంపియర్ల డీసీ ఛార్జర్‌కు 16 చదరపు మిల్లీమీటర్ల తీగ చాలు. ఇందులో మరిచిపోయే విషయం ఒకటుంది. ఆ సన్న తీగకు రెండు కొసల్లోనూ బ్యాటరీ ఉంది కాబట్టి రెండు కొసల్లోనూ ఫ్యూజు ఉండాలి. ఛార్జర్ లేకుండా రిలేతో రెండు బ్యాటరీలను కలిపితే, వించ్ లాగేటప్పుడు ముందు బ్యాటరీ కూడా ఆ సన్న తీగ గుండా సాయం చేయబోతుంది. అప్పుడు రిలే విడిపోయి ఉండాలి. 20 కిలోల అదనపు బరువు, దానికి గాలి తగిలే గట్టి పెట్టె, కొన్నేళ్లకోసారి కొత్త బ్యాటరీ, ఇవి ఈ దారి ఖర్చులు. వెనక వించ్‌ను అప్పుడప్పుడూ, కొద్ది నిమిషాలు వాడేవారికి ఇదే మెరుగు. గంటల తరబడి లాగేవారికి ఆల్టర్నేటర్‌తో నేరుగా ముడిపడ్డ లావు కేబులే కావాలి, ఎందుకంటే 70 ఆంపియర్-అవర్ బ్యాటరీ 300 ఆంపియర్ల దగ్గర కాగితం మీద 14 నిమిషాలు, నిజంలో అందులో సగం కూడా నిలవదు.

24 వోల్టుల లారీలకు ఈ బాధ సగమే. అదే శక్తికి కరెంటు సగం, కేబుల్‌లో వేడి నాలుగో వంతు. అయితే చేతికి దొరికిన 12 వోల్టుల వించ్‌ను తెచ్చి రెండు బ్యాటరీల్లో ఒక్కదానికే తగిలించే అలవాటు మానాలి. ఆ ఒక్కటే ఖాళీ అవుతుంది, ఛార్జింగ్ మాత్రం రెండింటికీ కలిపి వస్తుంది. ఒకటి ఎప్పుడూ ఆకలితో, ఒకటి ఎప్పుడూ పొంగుతూ ఉండి జంట త్వరగా చెడిపోతుంది. 24 వోల్టుల బండికి 24 వోల్టుల వించే కొనాలి.

2023లో వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్ తన చిన్న బ్యాటరీ వ్యవస్థను 48 వోల్టులకు మార్చింది. 12 వోల్టుల దగ్గర 400 ఆంపియర్లు కావాల్సిన పనికి 48 దగ్గర వంద చాలు. అదే పన్నెండు మీటర్ల దారికి 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినా పోయేది 1.3 వోల్టులు, అంటే మూడు శాతం లోపు. 12 వోల్టుల బండిలో 70 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేసినా నష్టం పది శాతం దగ్గర ఉంటుంది. మిగతా తయారీదారులు ఆ దారి పట్టేదాకా ఇసుజు, టొయోటా, మహీంద్రా పికప్‌ల కింద ఏడున్నర కిలోల రాగి వేలాడాల్సిందే, దాని మొదట్లో ఒక ఫ్యూజు, ఒక కటాఫ్ స్విచ్‌తో.